మూస్‌వుడ్‌కి కొట్టం తలుపులు

మార్చి 2

నా రాత కోడి కెలికినట్టుంటుంది. తప్పులు కూడా ఉంటాయి. ఊరి బడిలో అబ్బినంతే. ఎవరైనా చదివితే మన్నించాలి.

మంగళవారం టౌన్ మీటింగ్, ఏడాదికోసారి ఊరంతా కూడి ఓట్లేసే సభ. రోడ్డు పక్క హెమ్లాక్ చెట్లు కొట్టేద్దామని డెల్మర్ అడుగుతాడట. ఊరి రోడ్ల పని వాడిదే. ఆ నీడకి ఐసు కరగడం లేదట. ఆ నీడలోనే నా మూస్‌వుడ్ ఉంది. అదీ ఒక రకం మేపులే, కాకపోతే పొట్టిది, సిరప్ ఇవ్వదు. అడవిలోంచి నేనే తవ్వి తెచ్చుకున్నాను. ఆకుపచ్చ బెరడు, దాని మీద తెల్లని చారలు. ఎండ తగిలితే ఆ బెరడు పగులుతుంది. చెట్టు చస్తుంది.

మార్చి 4, సాయంత్రం

ఇన్నేళ్లూ మీటింగుకి వెళ్లి అక్కడ పెట్టే బీన్స్ తిని వచ్చేసేవాణ్ణి. ఇవాళ లేచాను. నా మేపుల్‌కి నీడ కావాలి అన్నాను. అంతకంటే మాట రాలేదు.

అదీ ఒక మేపులేనా పెద్దాయనా, దాన్నుంచి చెంబుడు సిరప్ తీసి చూపించు, నా రంపం నీకే ఇచ్చేస్తా అన్నాడు డెల్మర్. హాలంతా ఒకటే నవ్వు.

ఇక్కడ ఓటంటే అరవడమే. కొట్టేద్దామనేవాళ్లని అరవమంటే పైకప్పు ఎగిరిపోయినంత పని అయింది. వద్దనేవాళ్లని అరవమంటే నా గొంతు ఒక్కటే. మా ఆవిడ వెర్నా కూడా వాళ్లతోనే అరిచింది. కిందటి చలికాలం ఆ ఐసు మీద జారే ఆమె తుంటి విరిగింది.

ఏప్రిల్ 19

కొట్టేశారు.

మే 3

కొట్టం తలుపులు రెండూ ఊడదీశాను. చెట్టుకి దక్షిణాన, ఎండకి అడ్డంగా గుంజలు పాతి బిగించాను. వెర్నా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. మతి పోయిందా, కొట్టంలోకి వాన కొట్టదా అంది. కొట్టనీ, ఆవులెక్కడున్నాయి అన్నాను.

డెల్మర్ ట్రక్కు ఆపాడు. లోపల ఎవరైనా ఉన్నారా పెద్దాయనా, తలుపు కొట్టనా అన్నాడు.

కొట్టు, తియ్యను అన్నాను.

అంత మాట నా నోట ఎప్పుడూ రాలేదు. రాత్రి బాగా నిద్ర పట్టింది.

జులై 20

కొన్ని ఆకులు అంచుల్లో మాడాయి. మిగతావి బాతు పాదాల్లా వెడల్పుగా విచ్చుకున్నాయి. పడమటి సందులోంచి ఎండ పడుతోంది. వెర్నా అక్కడ తన పాత బొంత కట్టింది. చెట్టు కోసం కాదట, బొంత ఆరాలట.

బొంత తడిగా లేదు.

మార్చి 2, మరుసటేడు

రేపు టౌన్ మీటింగ్. ఆ తలుపులతో ఊరంతా అసహ్యంగా ఉంది, తీయించాలని డెల్మర్ అడుగుతాడట. నేను లేస్తాను. వెర్నా కూడా లేస్తానంది. ఈసారి నా పక్కనట.

మంచులో ఎర్రటి మొగ్గలు కనిపిస్తున్నాయి. లోపల ప్రాణం ఉందో లేదో మేలో గాని తేలదు.

చెట్టూ, జవాబు త్వరగా ఇయ్యి.