ఆసులు పారేసిన మంగళవారం

మార్చి 4, 2008, మంగళవారం

ఇవాళ నలభై నిమిషాలే ఆడాను. తొంభైమందిలో నాకంటే ముందు పోయినవాడు ఒక్కడే, వాడు ఫోన్‌లో మాట్లాడుతూ ఆడాడు. మధ్యాహ్నం కాకముందే పార్కింగులో కారెక్కి కూర్చున్నాను. స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కాలింది.

ఈ పోకర్ ఆట నాకు అక్కర్లేదు, మా ఆయన గ్యారెట్‌కి కావాలి. గ్యారెట్ ఆ కాసినోలోనే పేక పంచుతాడు. పంచేవాళ్ళు పనిచేసే చోట ఆడకూడదు. అందుకని పెళ్ళాం ఆడాలి. వసంతమంతా మంగళవారాలు ఆడి పాయింట్లలో పైన నిలిచిన నలభైమందికి మే నెలాఖరులో ఒక ఆట పెడతారు. అందులో చివరికి మిగిలిన నలుగురికి జూన్‌లో ఇంకోచోట జరిగే పెద్ద టోర్నమెంట్‌లో తలా ఒక సీటు, అక్కడ పంచేవాళ్ళు ఆడకూడదన్న అడ్డు లేదు. ఆరు వేసవులుగా గ్యారెట్ ఆ హాల్లో ఊరూరివాళ్ళకి ముక్కలు పంచుతున్నాడు. ఈసారి టేబుల్‌కి ఇటువైపు కూర్చోవాలట. సీటు నేను గెలవాలి, కూర్చోవడం తను కూర్చుంటాడు.

భోజనాల దగ్గర ఏ ముక్కలతో పోయావని అడిగాడు. రాణి, తొమ్మిది అన్నాను. ఫోర్క్ కింద పెట్టేశాడు.

మార్చి 5

చార్టు రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. ఏ ముక్కలొస్తే ఆడాలి, ఏవి పారెయ్యాలి. అన్నిటికంటే పైన ఎర్ర ఇంకుతో: ఆసుల జత వస్తే ఎప్పుడైనా, ఎక్కడైనా, ఉన్నదంతా పెట్టెయ్.

మా అత్త వెర్నా పాలు తీసుకోవడానికొచ్చి చదివింది. నా కంటి డాక్టరు కాగితం దీని కింద పెట్టావేంట్రా, ఆ ఆసులొచ్చి నా కన్ను చూస్తాయా అని అడిగింది.

మార్చి 11, మంగళవారం

రెండు రాజులొచ్చాయి. బ్లైండు, అంటే ముక్కలు చూడకముందే కట్టే పందెం, నాలుగొందలు. పందెం పెంచుదామని వెయ్యి విలువున్న బిళ్ళ ఒకటి ముందుకు తోశాను. నోట్లోంచి మాట రాలేదు. నా వంతు వచ్చేసరికి తొమ్మిదిమంది నా మొహంలోకే చూస్తారు. అది నాకు చచ్చే చావు.

డీలర్, కాల్ అన్నాడు, అంటే ఉన్న పందేనికి సరిపెట్టినట్టేనట. పెంచాలంటే నోటితో రైజ్ అనాలి, అనకుండా పెద్ద బిళ్ళ ఒక్కటే వేస్తే అది కాల్ కిందే లెక్కట, మిగతా ఆరొందలు తిరిగిచ్చేశాడు. చవకగా ఉందని ముగ్గురు లోపలికొచ్చారు. వాళ్ళలో ఒకడు నాలుగు, ఆరు పట్టుకుని, బల్ల మీది ముక్కలతో కలిపి వరసగా అయిదు, స్ట్రెయిట్ కొట్టాడు. నా రాజులు పోయాయి, నేనూ పోయాను.

గ్యారెట్ ఆ పూట అక్కడే రెండో వరసలో పంచుతున్నాడు, కాబట్టి ఇంటికొచ్చి చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. కారులో ఒకటే మాట. ఒక్క మాట, లోర్నా. ఒకే ఒక్క మాట. అదీ నీ నోట్లోంచి రాదా.

మార్చి 13

వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే దాని ముందు నిలబడి రైజ్ అంటున్నాను. గ్యారెట్ హాల్లోంచి వినపడలేదంటాడు. మళ్ళీ అంటాను. మళ్ళీ వినపడలేదంటాడు.

అత్త అంది, నేను కాఫీ షాపులో ముప్పై ఏళ్ళు వంటవాడి మీద అరిచాను పిల్లా, దానికి ధైర్యం అక్కర్లేదు, కాళ్ళు నొప్పి పుడితే చాలు. గుడ్లు ఆర్డరిస్తున్నాననుకో. రెండు గుడ్లు, టోస్ట్, రైజ్.

మార్చి 18, మంగళవారం

గుడ్లు అనుకునే చెప్పాను. పక్క టేబుల్‌వాళ్ళు కూడా తిరిగి చూశారు. నా పక్కన ఆర్విల్ అని ముసలాయన. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, పక్కన చక్రాల సిలిండరు. నెమ్మదిగా అన్నాడు, పాడైంది నా ఊపిరితిత్తులమ్మా, చెవులు కావు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరూ ముక్కలు పారేశారు, పందెం నాకొచ్చింది.

మార్చి 25, మంగళవారం

తొమ్మిదో స్థానం. ఎనిమిది ఎందుకు కాలేదని గ్యారెట్ అడిగాడు.

ఏప్రిల్ 2

వంట చేస్తుంటే ప్రశ్నలు. పోర్క్ చాప్స్ తిప్పుతుంటే, లోర్నా, నీ దగ్గర పది బ్లైండ్లకి సరిపడా బిళ్ళలు, చేతిలో ఒక ఆసు, ఒక ఎనిమిది, ముందువాడు రైజ్ చేశాడు. పారేస్తానన్నాను. ఎందుకు? నూనె చిందుతోంది కాబట్టి. అది జవాబు కాదట.

నాకు తోచిందొకటి చెప్పబోయాను. మనుషులు తగ్గేకొద్దీ ఒక్కో టేబుల్ ఎత్తేసి, అక్కడివాళ్ళని మిగతా టేబుళ్ళకి పంచుతారు. నాకదంటే అసహ్యం, ప్రతిసారీ తొమ్మిది కొత్త మొహాలు. కానీ మొన్న ఆలోచిస్తే, నేనూ వాళ్ళకి కొత్తే కదా. వీపు వంచుకుని, బిళ్ళలు ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుని వచ్చే పిల్ల రైజ్ అంటే వాళ్ళకి ఆసులే కనిపిస్తాయి. చేతిలో ఏమున్నా పారిపోతారు. కొత్త టేబుల్‌లో మొదటి పది నిమిషాలు నావి.

ఇది చెప్పడం సగంలో ఉండగా గ్యారెట్, చాప్ మాడుతోందన్నాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

కొత్త టేబుల్‌లో మొదటి పది నిమిషాలు. మూడుసార్లు రైజ్. మూడుసార్లూ పారిపోయారు. ఒకసారి నా చేతిలో ఉన్నవి మూడు, ఏడు.

ఆరో స్థానం. చార్టు పనిచేస్తోందని గ్యారెట్ సంతోషపడ్డాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

జ్వరం, వెళ్ళలేదు. గ్యారెట్ థర్మామీటర్ తీసి చూశాడు. కాసేపాగి మళ్ళీ పెట్టి చూశాడు. నూట రెండుకి కూర్చుని ఆడొచ్చు కదా, కూర్చోవడమే కదా అన్నాడు. అత్త బూటు విసిరింది.

మే 6, మంగళవారం

మూడో స్థానం. పని అయ్యాక గ్యారెట్ డీలర్ల గదిలో అందరికీ చెప్పాడట, మేం మూడోస్థానంలో వచ్చాం అని. మేం అన్నాడని వాళ్ళలో ఒకమ్మాయే నాతో చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వాపుకుంది.

మే 21

నలభైమందిలో నా పేరు పదకొండోది. గ్యారెట్ జూన్ కోసం కొత్త చొక్కా కొన్నాడు. నాక్కాదు, తనకి. లేత నీలం. హాల్లో ఏసీ ఎక్కువని పొడుగు చేతులది తీసుకున్నాడు. అద్దం ముందు కూర్చుని, రెండు ముక్కల అంచులు లేపి చూసుకుంటున్నట్టు వేళ్ళు కదిపాడు. నేను తలుపు దగ్గరున్నానని చూడలేదు. ఒక్క నిమిషం పాపం అనిపించింది.

తర్వాత పిలిచి, పదిహేను బ్లైండ్లతో జాకీల జతొస్తే ఏం చేస్తావని అడిగాడు. ఆ పాపం పోయింది.

మే 27, మంగళవారం, సాయంత్రం

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి గ్యారెట్ చెప్పిందే నిజమైపోతుంది.

నలభైమంది, నాలుగు టేబుళ్ళు. పొద్దున్నంతా ఓపిగ్గా కూర్చున్నాను. మూడు టేబుళ్ళు ఎత్తేశారు. మూడున్నరకి ఒక్క టేబుల్ మీద అయిదుగురం మిగిలాం. సీట్లు నాలుగు. ఒకటో స్థానానికైనా నాలుగో స్థానానికైనా అదే సీటు. ఇంకొక్కడు పోతే చాలు.

అందరికంటే ఎక్కువ బిళ్ళలున్నది డీ అనే ఆవిడ దగ్గర. ప్లాస్టిక్ నీడటోపీ, గోళ్ళకి నారింజ రంగు. ఆమె ప్రతి ఆటకీ ఆల్-ఇన్, ఉన్నదంతా పెడుతున్నా, అంటోంది. ఆమెని కాదనే ధైర్యం ఎవరికీ లేదని ఆమెకి తెలుసు. ఆమె తర్వాత ఎక్కువున్నది నా దగ్గర. ఆర్విల్ దగ్గర, ఇంకొకాయన దగ్గర కొంచెం తక్కువ. అందరికంటే హీనం ట్రాక్టర్ కంపెనీ టోపీ పెట్టుకున్నాయన. మిగిలినవి రెండే బిళ్ళలు. వచ్చే చేతికి బ్లైండు కట్టాల్సింది ఆయనే. ఆ రెండూ అందులోకే పోతాయి.

డీ మళ్ళీ ఆల్-ఇన్ అంది. నేను నా ముక్కల అంచులు లేపాను. ఇస్పేటు ఆసు. కళావరు ఆసు.

మూడు నెలలుగా ఫ్రిజ్ మీద ఎర్ర ఇంకు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఉన్నదంతా పెట్టెయ్. నోట్లో కాల్ అనే మాట సిద్ధంగా ఉంది, గుడ్లూ టోస్టూ అక్కర్లేకుండానే.

అప్పుడు ఆలోచించాను. కాల్ చేస్తే అయిదింట నాలుగుసార్లు నేనే గెలుస్తాను. గెలిస్తే ఏమొస్తుంది? సీటు. అయిదోసారి ఓడిపోతాను. ఓడితే ఏమొస్తుంది? ఇంటికి దారి. పారేస్తే ఏమవుతుంది? టోపీ ఆయన బ్లైండు కట్టాలి. నా బిళ్ళలు నా దగ్గరే ఉంటాయి. ఆ ఒక్క సీటుకి ఈ రెండు ఆసులూ నాకేం కలపవు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను. మేడమ్, మీ వంతు అని డీలర్ అన్నాడు. మూడోసారి కూడా లెక్కపెట్టాను.

పారేశాను.

నేను ముక్కలు కాస్త ఎత్తిపట్టి చూస్తాను, ఆ అలవాటు పోలేదు. పక్కన ఆర్విల్ చూసేశాడు. ఆయన గొట్టంలోంచి ఈల లాంటి చప్పుడొచ్చింది.

వచ్చే చేతికే టోపీ ఆయన పోయాడు. మిగిలిన నలుగురం లేచి చేతులు కలుపుకున్నాం. డీ నన్ను కావలించుకుంది. నువ్వు ఒక్కసారీ నా మీదికి రాలేదు తల్లీ, ఎంత బుద్ధిమంతురాలివో అంది.

రూము చూసుకునే లూపే కాగితం మీద లోర్నా అని రాసింది. అప్పుడే గ్యారెట్ డ్యూటీ దిగి, జేబులోంచి లైసెన్సు తీస్తూ వచ్చాడు. ఆ పేరు మార్చి తనది రాయమన్నాడు. గెలిచిన మనిషి పేరే ఉండాలి, సీటు ఇంకొకరికి ఇవ్వడానికి లేదని లూపే చెప్పింది. మేమిద్దరం ఒకటే కదా అన్నాడు. పెళ్ళికి ఒకటేనయ్యా, ఇక్కడ ఇద్దరు అంది. రూలు గోడకే వేలాడుతోంది, నువ్వు రోజూ దాని కిందే కోటు తగిలిస్తావు అని కూడా అంది.

గ్యారెట్ గోడ దగ్గరికెళ్ళి చదివాడు. కింద దాకా చదివాడు.

కారులో గ్యారెట్ లైసెన్సు ఒళ్ళోనే పెట్టుకుని నడిపాడు. నాకు కావలసింది ఈ సీటే అనుకున్నానా ఇన్నాళ్ళూ? తెలీదు. ఆ సీటు చేతినిండా ఉన్నట్టుంది. ఇచ్చెయ్యాలని లేదు.

మే 28

ఆర్విల్ చెప్పేశాడు. మెచ్చుకోలుగానే చెప్పాడట, మీ ఆవిడ ఆసులు పారేసిందయ్యా, నలభై ఏళ్ళలో అలాంటిది చూడలేదు అని.

గ్యారెట్ బూట్లతోనే వంటింట్లోకొచ్చాడు. ఆసులా. ఆసులు పారేశావా. చార్టులో మొట్టమొదట ఏం రాశాను. ఎర్ర ఇంకుతో ఎందుకు రాశాను. రేపు డీలర్ల గదిలో నా మొహం ఎలా చూపించను.

అత్త బఠాణీలు ఒలుస్తోంది. పిల్ల గెలిచింది కదరా అంది. గెలవడం కాదమ్మా అసలు విషయం అన్నాడు. మరి టోర్నమెంట్ ఎందుకు పెడతారురా, ముక్కల్ని ముద్దు పెట్టుకోడానికా అంది.

మే 30

రెండు రాత్రులు కాగితం మీద లెక్కలు వేసి, ఇవాళ కాఫీ తాగుతూ తీర్పు చెప్పాడు. పారెయ్యడమే సరైన పనట. పెద్ద ఆటగాళ్ళు కూడా అక్కడ అదే చేస్తారట. హమ్మయ్య అనుకునేలోపు, కానీ నువ్వు ఆలోచించి చెయ్యలేదు లోర్నా, భయపడి చేశావు, అదృష్టం కొద్దీ భయమే సరైనదైంది అన్నాడు.

నేను లెక్కపెట్టానన్నాను. ఏం లెక్కపెట్టావు అన్నాడు. చెప్పాను. అయిదింట నాలుగు, టోపీ ఆయన రెండు బిళ్ళలు, బ్లైండు, అన్నీ. విన్నాడు. విని, నవ్వి, ఇది నిన్న నేను అమ్మకి చెప్తుంటే విన్నావు కదూ అన్నాడు.

గిన్నెలు కడిగాను. తోమినవే మళ్ళీ తోమాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసి తమ్ముళ్ళని పెంచినదాన్ని. ఆరు రొట్టెముక్కలు నలుగురికి, మర్నాడు పొద్దుటికి కూడా మిగిలేట్టు పంచినదాన్ని. దానికి భయం అని పేరు పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

జూన్ 2

సెలవు పెట్టాడు. జూన్‌లో డీలర్లకి సెలవు దొరకదు, అయినా సంపాదించాడు. ప్రేక్షకులు నిలబడే తాడు దగ్గర ఉంటాడట. సైగలు చేస్తానన్నాడు. ముక్కు రుద్దితే పారెయ్, చెవి పట్టుకుంటే పెంచు. అది తప్పు, నన్నూ నిన్నూ ఇద్దర్నీ బయటికి పంపిస్తారు, నీకు తెలీదా అన్నాను. నేను గ్యారెట్‌తో ఇంత పొడుగు వాక్యం మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

అయితే సరే, సైగలు వద్దు, ప్రతి విరామంలోనూ బయటికి రా, తర్వాతి రెండు గంటలు ఏం చెయ్యాలో చెబుతానన్నాడు. ఆ నీలం చొక్కా వేసుకొస్తాడట, గుంపులో నాకు కనపడాలని.

జూన్ 6

అత్త టర్కీ శాండ్‌విచ్‌లు చుట్టిపెట్టింది. రేపు వాడు ఏం చెప్పినా తినకుండా మాత్రం ఆడకు పిల్లా అంది.

జూన్ 7, శనివారం, మొదటి విరామం

నా బిళ్ళలు కొంచెం పెరిగాయి. మగవాళ్ళ బాత్రూము ముందు క్యూ కారిడార్ మలుపు తిరిగిపోయింది. ఆడవాళ్ళవైపు ఖాళీ. లోపల సోఫా కూడా ఉంది. గ్యారెట్ దగ్గరికి వెళ్ళకుండా దాని మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాను.

ఇందాక తలుపు కొంచెం తెరుచుకుంది. లోపల ఎవరైనా ఉన్నారా అని గ్యారెట్ గొంతు.

ఎవరూ లేరని, రైజ్ అన్నంత గట్టిగా చెప్పాను.

థాంక్యూ మేడమ్ అన్నాడు.