మిక్సీ మోత

1999, ఆదివారం. వాషర్‌మెన్‌పేట్.

నా వంటల వెబ్ పేజీలో మిక్సీ లింకు పెట్టి మూడు నెలలైంది. అమెరికాలో మన మిక్సీలమ్మే కంపెనీది; దాన్ని నొక్కి ఎవరన్నా కొంటే నాకు కమీషన్. నొక్కి చూసేవాళ్లేగానీ కొనేవాళ్లు లేరు. సౌకార్‌పేటలో ముప్పై ఏళ్లు చీరలమ్మిన నాన్న, పోయిన వారం ఆ మిక్సీని పొగుడుతా నేను రాసింది చదివించుకొని నవ్వినాడు. "అంతా బాగుందంటే ఎవురు నమ్ముతారుమా? ఈ రంగు పోతాది, వద్దని ఒక చీర పక్కన పెట్టు. రెండోది వాళ్లే తీసుకుంటారు."

సరేనని, "మోత జాస్తి, నిద్రపోయే పిల్లలు లేస్తారు. చట్నీకి మాత్రం దీన్ని మించింది లేదు" అని మార్చినా. ఈరోజు బ్రౌజింగ్ సెంటర్‌లో చూస్తే, నాలుగు అమ్ముడుపోయినాయని మెయిల్! ఆడనే గంతులేసినంత పని చేసినా. ఆ మోత సంగతి కంపెనీవాళ్లు చదివితే లింకు తీసేస్తారేమో...

అమ్మకి చెప్తే మూతి తిప్పింది. "పెళ్లిచూపుల్లో 'నాకు కోపం జాస్తి' అని ముందే చెప్పి, నన్నూ అట్లానే ఒప్పించినాడు మీ నాయన."