ఐగుప్తు ఉల్లిగడ్డలు

ఆలూరు దగ్గర పల్లె, 13 మార్చి 1934

అమ్మకు దేవదానం వందనాలు. ప్రభువు దయతో గట్టిగానే ఉండా, దిగులు పడొద్దు.

మొన్న ఆదివారం ప్రార్థన గుడిసెలో వాక్యం చెప్తాంటి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుడిచ్చిన మన్నా తిని విసిగి, ఐగుప్తు ఉల్లిగడ్డల కోసం సణిగినారు, మనం అట్ల సణగగూడదు అని గొంతెత్తి చెప్తి. ముందర కూచున్న ముసలామె నాగక్క లేసి, "ఏమప్పా పంతులూ, ఈడ నీళ్లు ఉప్పు, కొర్రసంగటి గొంతు దిగదు, మిషను దొరకు చెప్పి నన్ను కడపకు మార్పించు అని మీయమ్మకు రాసినావంట. అది సణుగుడు గాదా?" అనె. టపా మోసే బొజ్జన్న నా కార్డు దోవలోనే చదివి ఊరంతా చెప్పినాడు! గుడిసెంతా పకపకా నవ్విరి. నేను వాళ్లను నడిపించిన మోషే పక్కన నిలబడి చెప్తాండా అనుకుంటి. చూస్తే సణిగే గుంపులో నేనే ముందర ఉండా. నాకూ నవ్వొచ్చె.

సాయంత్రం నాగక్క సంగటి, ఉల్లిగడ్డ కారం తెచ్చి, "ఆ అరణ్యంలో వాళ్లకు ఏడ్చినా దొరకలా, నువ్వు ఏడ్వకుండా తిను" అనె. రెండు ముద్దలు తింటి.

ఆ కార్డు దొరగారికి చూపించినావా? చూపించకుంటే చించెయ్. చూపించింటే, మావాడు మనసు మార్చుకున్యాడని చెప్పు. నల్లమేక ఈనిందా? మోకాలి నొప్పి ఎట్లుండాది? ఎవరన్నా వస్తే నా గొడుగు పంపు, ఈడ ఎండ శానా. ఇది సణుగుడు గాదులే. చెల్లికి దీవెనలు.

బొజ్జన్నా, ఇదీ చదువుతాంటావు కదా. నేను యాడికీ పోనని ఇది గూడా ఊరంతా చెప్పు.