ఎల్మి అత్త కొట్టుకి ఆరు పేర్లు

ఇసమాల్

ఒరేయ్ విల్బెర్త్,

అత్త ముద్దులు. మీ ఆవిడకి దగ్గు తగ్గిందా?

ఇక్కడ ఇసమాల్‌లో మన వల ఉయ్యాలల కొట్టు మూతపడేలా ఉందిరా. అల్లే ఆడవాళ్ళు పని లేక గుమ్మంలో కూచుంటున్నారు. టూరిస్టులంతా ఫోన్‌లో వెతుక్కుని ఎదురుగా ఉన్న నెల్సన్ కొట్టుకే పోతున్నారు. నువ్వు చేసిచ్చిన వెబ్‌సైటు రెండో పేజీలో ఉందట. అంతదాకా ఎవడొస్తాడు? అందుకే ఇంకో ఐదు డొమైన్ పేర్లు కొని, అదే పేజీని అన్నిట్లోనూ పెట్టించా. 'ఉయ్యాలల రాణి', 'నెల్సన్ కన్నా నయం'... ఎటు వెతికినా నేనే తగులుతా!

నీ తెలివైన అత్త,
ఎల్మి

తా.క.: ఒక పేరు మన పందిది. దానికీ కాస్త ఆస్తి ఉండొద్దూ?

మెరీదా

అత్తా, నీ చేతులకు ముద్దులు.

కొంప ముంచావు. ఇప్పుడు ఐదో పేజీకి జారిపోయావు. ఒకే సరుకు, ఒకే మాటలు ఆరు చోట్ల కనబడితే, వెతికే యంత్రానికి అసలు కొట్టేదో తేలదు. ఏదో ఒకటి తనే ఎంచుకుని మిగతావి పక్కన పడేస్తుంది. నిన్ను మెచ్చుకున్న వాళ్ళు ఒకరు ఒక పేరుకీ, ఇంకొకరు ఇంకో పేరుకీ లింకు ఇస్తారు. ఉన్న పరపతి కాస్తా ముక్కలైపోతుంది. పాత పేరొక్కటే ఉంచు. మిగతావన్నీ శాశ్వతంగా దానివైపు తిప్పించు. ఎవరు ఏ పేరు చూసుకుని వచ్చినా నీ కొట్టుకే చేరాలి.

తల పట్టుకున్న నీ మేనల్లుడు,
విల్బెర్త్

తా.క.: 'నెల్సన్ కన్నా నయం' అని వెతికేది ప్రపంచంలో నువ్వొక్కదానివే.

ఇసమాల్

బంగారు కొండా,

ఎవరు ఏ పేరు చూసుకుని వచ్చినా మన కొట్టుకే చేరాలన్నావు కదా, తిప్పించేశా! ఊళ్ళో దారి చూపే బోర్డులన్నీ ఇప్పుడు మనవైపే. మఠానిది, బస్టాండుది, అన్నీ. శాశ్వతంగా అన్నావని సిమెంటు కూడా పోయించా. మునిసిపాలిటీ మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఇదేం పని, దోన్యా ఎల్మీగారూ? మఠానికి పోవాల్సిన బిషప్‌గారు మీ ఉయ్యాల్లో ఉన్నారు!" అని అరిచాడు. "గట్టిగా అరవకండి, బేరం కుదురుతోంది" అన్నా.

చెప్పినట్టు వినే అత్త,
ఎల్మి

తా.క.: పళ్ళడాక్టరు బోర్డు కూడా తిప్పాం. ఒకాయన వచ్చి ఉయ్యాల్లో పడుకుని నోరు తెరిచాడు.

మెరీదా

అత్తా!

తిప్పమన్నది వెబ్ పేర్లనమ్మా, వీధి బోర్డుల్ని కాదు! ముందు ఆ సిమెంటు పగలగొట్టించు. పేర్లు తిప్పే పని నేనే చేసేశా. ఏ పేరు నొక్కినా ఇక పాతదే తెరుచుకుంటుంది. కొన్ని వారాలు ఓపిక పట్టు. ఇంకో పేరు కొన్నావంటే నా మీద ఒట్టే.

నీ విల్బెర్త్

తా.క.: ఆ పళ్ళాయన ఏమయ్యాడు?

ఇసమాల్

నా విల్బెర్తూ,

మొదటి పేజీలో మొదటి పేరు మనదే! ఆడవాళ్ళకి చేతినిండా పని. పళ్ళాయన హాయిగా నిద్రపోయి, లేచి, ఒక ఉయ్యాల కొనుక్కుని మరీ వెళ్ళాడు.

నిన్న నెల్సన్ వేయించిన పానుచో రొట్టెల పళ్ళెం పట్టుకుని వీధి దాటొచ్చాడు. "ఓడిపోయానండీ. ఆ కిటుకేదో చెప్పండి, మీకు పుణ్యముంటుంది" అన్నాడు. జాలేసింది. పక్కన కూచోబెట్టుకుని చెప్పా: "ఎన్ని పేర్లు దొరికితే అన్నీ కొను, నాయనా. అన్నిట్లో ఒకటే పేజీ పెట్టు."

నిన్ను తలుచుకుని మురిసే
ఎల్మి అత్త

తా.క.: పేర్లు కొనిపెట్టమని రేపటి బస్సుకి మెరీదాకి, నీ దగ్గరికే వస్తున్నాడు. నవ్వకు. పానుచోలు మాత్రం చాలా బాగున్నాయి, అందుకని ఒక పూట ఆడించి నిజం చెప్పెయ్.