నికాండర్ చూశాడు

కాపువాలో ఉన్న అమ్మకు,

రోమ్ నుంచి నీ కొడుకు నికాండర్ మొక్కి రాసేది. నువ్వు క్షేమంగా ఉంటే నాకదే చాలు, ఇక్కడ నేనూ క్షేమమే. నువ్వు పంపిన ఎండు అత్తిపళ్ళు అందాయి. సగం ఫిలోడామస్ తినేశాడు. నాతోపాటు నాణేలు చూసే బానిస వాడే. నోరు పెద్దది గానీ మనసు మంచిది. మోకాళ్ళకి ఆలివ్ నూనె వేడిచేసి రాసుకోమన్నాను, రాసుకుంటున్నావా లేదా?

వెండి దెనారియస్ నాణెం అసలుదో దొంగదో ఎలా తెలుస్తుందని నువ్వు పనిచేసే వంటింట్లో అడుగుతున్నారని రాశావు. పెద్ద విద్యేం కాదమ్మా. అరచేతిలో బరువు చూస్తాం, అంచు చూస్తాం, వాసన చూస్తాం. ఆఖరికి రాతిబల్ల మీద పడేస్తాం. అసలు వెండి ఖంగుమని కాసేపు మోగుతుంది. లోపల రాగి పెట్టి పైన వెండి రేకు తొడిగింది టప్పుమని ఊరుకుంటుంది. అన్నీ మంచివైతే సంచి కట్టి, ఎముక బిళ్ళ మీద 'నికాండర్ చూశాడు' అని చెక్కి తగిలిస్తాం. ఆ బిళ్ళ ఉన్న సంచిని ఎవరూ విప్పి చూడరు. ఈ ఏడు నా బిళ్ళ మీద ఒక్క మాట రాకపోతే సాటర్నాలియా పండక్కి బానిసత్వం నుంచి విడుదల చేస్తానని యజమాని వోల్కాషియస్ అన్న సంగతి నువ్వు ఊరంతా చెప్పుకున్నావట. చెప్పకుండా ఉండాల్సింది.

ఇక్కడి నుంచి చదివేవాళ్ళని కాస్త గొంతు తగ్గించి చదవమను.

క్షేమమని రాసింది అబద్ధం. చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ నా రెండు చెవులూ పట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. బిళ్ళ మీద 'చూశాడు' అనేగా రాస్తాం, 'విన్నాడు' అని కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కంటితోనే నెట్టుకొచ్చాను. అంచుకి రంపపు పళ్ళలా గాట్లు పెట్టిన నాణెం వస్తే ప్రాణం లేచొచ్చేది. గాటులో లోపలి లోహం కనిపిస్తుంది కాబట్టి అందులో దొంగది ఉండదని మా అందరి నమ్మకం. ఆ గాట్లలోకి కూడా వెండి రేకు నొక్కినవాడు ఎవడో పుట్టాడమ్మా. నా బిళ్ళ కట్టిన సంచిలోంచి అలాంటివి మూడు బయటపడ్డాయి.

నిన్న పొద్దున యజమాని నన్ను పిలిపించాడు. "గోడవైపు తిరుగు. నేను పది పడేస్తాను, ఏది దొంగదో చెప్పు" అన్నాడు. ఆయన పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. తిరిగాక ఇంకేం ఉంది, గోడ తప్ప? ఉండబట్టలేక "అసలుది, ఇదీ అసలుదే, ఇది దొంగది" అంటూ పోయాను. ఫిలోడామస్ వచ్చి నా భుజం పట్టుకుని తిప్పాడు. వాడి కళ్ళనిండా నీళ్ళు.

"ఒరేయ్, ఆయన ఇంకా ఒక్కటి కూడా పడెయ్యలేదురా."

నన్ను సముద్రం అవతల హిస్పానియా వెండి గనులకి అమ్మేశారు. "భూమి కింద చెవులతో పనిలేదులే" అన్నాడట యజమాని, ఫిలోడామస్ మైనప్పలక మీద రాసి చూపించాడు. నాకు చాలా భయంగా ఉందమ్మా. దాచి తప్పు చేశాను. ముందే చెప్పుంటే వాకిలి ఊడవడానికైనా ఉంచుకునేవాడేమో.

మమ్మల్ని గొలుసు వేసి రేవుదాకా నడిపిస్తారు. దారి మీ ఊరి మీదుగానే, పౌర్ణమి నాటికి దాటుతాం. మీ యజమానురాలు పంపితే దారి పక్కకి రా. వెనకనుంచి మాత్రం పిలవకు. పిలిచి పిలిచి, కొడుకు తిరిగైనా చూడలేదని ఏడుస్తావు. ముందుకొచ్చి నిలబడు.

ఇట్లు,
నీ కొడుకు
నికాండర్