పిగిలిపిట్ట పొడిచిన వేలు

కంబదూరు, ఆదివారం

నాయనా, సలాం. రాత వంకరగా ఉందని కంగారుపడకు, వేలికి కట్టుంది. వలలో పడ్డ పిగిలిపిట్టను నిమిషంపాటు పట్టుకుని, ఎన్నిసార్లు పొడిచిందో రాయడం, పిట్టల మీద పరిశోధన చేసే మేడం దగ్గర నా పని. నెలగా నావన్నీ సున్నాలే. "నీ పిట్టలొక్కటీ పొడవవేందమ్మా?" అని నిన్న మేడం అడిగింది. అప్పుడు చూసుకున్నాను. "కండ్లు మూయి పాపా, గమ్మునుంటాది" అని కౌజు పిట్టలు పట్టేటప్పుడు నువ్వు నేర్పినట్టే, తెలియకుండా చున్నీ కొసతో వాటి కళ్లు మూస్తున్నాను! నెల రాతంతా తప్పే. ఇవాళ మూయకుండా పట్టుకుంటే పదకొండుసార్లు పొడిచింది.

అమ్మ మోకాలు తగ్గిందా? షరీఫ్ బడికి పోతున్నాడా?

రేపు మేడంకి చెప్పేస్తాను. ఎవరు నేర్పారంటే నీ పేరు చెప్పనా, వద్దా? కేసు పెడతారని కౌజులు పట్టడం మానేశానన్నావు. నిజంగానే మానేశావు కదా నాయనా?

అందరికీ నా సలాములు.
ఆసియా