బేతేలుపేట సమాధుల తోటలో గోడ

దివిసీమలో నాగాయలంక దగ్గర బేతేలుపేట నివాసి, కీర్తిశేషులు బెంజమిన్ గారి భార్య హన్నా అనే నేను, డెబ్బై నాలుగేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నా బుద్ధి సవ్యంగా ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. అనుమానం ఉన్న సంఘ పెద్దలు ఒక పూట వచ్చి నాతో మాట్లాడి చూసుకోవచ్చు.

1. నా ఇల్లు, అందులోని సామాను నా కూతురు శాంతికి. రోలు మాత్రం పొరుగింటి అఫ్జల్ భార్య హసీనాకు. ఎలాగూ ఏడాదిగా అది వాళ్ల వసారాలోనే ఉంది.

2. మా మావగారు డేనియల్ గారి బైబిలు మా బావగారి కొడుకు, సంఘ పెద్ద జకరయ్యకు. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కాదు, చదవడానికి.

3. మావగారు నా పేర రాసిన సమాధుల తోట శాంతికి, అఫ్జల్‌కి ఉమ్మడిగా చెందాలి. ఇద్దరి సంతకాలూ లేకుండా దాన్ని అమ్మకూడదు, అందులో ఏ కట్టడమూ లేపకూడదు.

కారణం కూడా రాయిస్తున్నాను. డెబ్బై ఏడు ఉప్పెనలో నా పెద్దపిల్ల రూతు, అఫ్జల్ తల్లి జాన్‌బీ ఒకే చోట దొరికారు. జాన్‌బీ పిల్లను కొంగుతో తన నడుముకి కట్టేసుకుంది. ఆ ముడి విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. అలాగే పూడ్చాం. ఇప్పుడు జకరయ్య ఆ సమాధిని బయటికి వదిలేసి, గోడ కోసం సున్నంతో గీత గీయించాడు. “బాప్తిస్మం లేనోళ్లు బయటే ఉండాలి పిన్నీ, మా తాత పెట్టిన కట్టుబాటు” అంటున్నాడు.

మందిరం బయట చెప్పులు విడవడం, ఆడవాళ్లు ఎడమ పక్క చాపల మీద కూర్చోవడం, పాటకి డప్పు వాయించకపోవడం, అన్నీ డేనియల్ గారు పెట్టినవే. యాభై ఏళ్లుగా ఒక్కటీ నేను తప్పలేదు. ఆ గొయ్యి తవ్వించి, ఇద్దరికీ కలిపి ప్రార్థన చేసిందీ ఆయనే. జకరయ్య అప్పటికి పుట్టనేలేదు, నాకు ఊరి చరిత్ర చెప్తాడు! ఒళ్లు మండిపోతోంది. నేను బతికుండగానే గోడ లేపేస్తారేమోనని రోజూ పొద్దున్నే వెళ్లి చూసి వస్తున్నాను.

4. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత శాంతిది. నా భర్త పక్కన నాకోసం ఉంచిన చోటు ఖాళీగానే ఉండనీ, ఆయన అర్థం చేసుకుంటారు. నన్ను ఆ సున్నం గీత మీద, దానికి అడ్డంగా పూడ్చాలి. గోడ కట్టాలనుకుంటే నా మీద కట్టుకోమను.

తేదీ: 12 నవంబరు 2025
(సంతకం) హన్నా

సాక్షులు (సంఘంలో ఎవరూ ముందుకు రాలేదు):
1. సూరయ్య, పడవ యజమాని
2. సీతామహాలక్ష్మి, రిటైర్డు టీచరు